500 మి.లీ. పాలు ఎన్ని కప్పులు? ముందు మీ కప్పు ఎంతో చూడండి

పాల ప్యాకెట్ మీద 500 మి.లీ. అని ఉంది. రెసిపీలో రెండు కప్పుల పాలు పోయమన్నారు. ప్యాకెట్ మొత్తం పోసేయాలా, కొంచెం ఆపాలా?

250 మి.లీ. పట్టే కప్పయితే ప్యాకెట్ సరిగ్గా రెండు కప్పులు. 240 పట్టేదైతే 20 మి.లీ. మిగులుతుంది, అంటే నాలుగు టీస్పూన్లు. రైస్ కుక్కర్‌తో పాటు వచ్చిన ప్లాస్టిక్ కప్పుతో (180 మి.లీ.) కొలిస్తే 140 మి.లీ. మిగిలిపోతుంది. అదే పాలు, అదే రెసిపీ, మూడు జవాబులు.

మి.లీ.ని కప్పుల్లోకి మార్చడానికి ఒక్క భాగాహారం చాలు, మూడో తరగతి లెక్క. దేనితో భాగించాలో తేల్చుకోవడంలోనే ఉంది చిక్కంతా. ఇంటర్నెట్‌లో దొరికే పట్టికలన్నీ ఏదో ఒక కప్పుని మనసులో పెట్టుకుని రాసినవే. ఏ కప్పో కొన్నింటిలో చెప్పరు. అందుకే ఒక పట్టికలో లీటరుకి 4 కప్పులుంటే ఇంకోదాంట్లో 4.17, మరోదాంట్లో 4.23 కనిపిస్తాయి. మూడూ కరెక్టే.

కప్పులు ఇన్ని రకాలెందుకు

మన పాత కొలతలు గుర్తున్నవాళ్లకి ఇది వింతగా అనిపించదు. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం. అంతా రెండేసి రెట్లు. అమెరికా వాళ్ల లెక్కా ఇలాంటిదే. రెండు కప్పులు ఒక పింట్, రెండు పింట్లు ఒక క్వార్ట్, నాలుగు క్వార్ట్‌లు ఒక గ్యాలన్. ఇలా సగాలు చేసుకుంటూ వచ్చిన కొలతని పదుల లెక్కలో నడిచే లీటరులోకి దింపితే చివర ఎంతో కొంత మిగలక తప్పదు. మానిక ఊరూరికీ మారినట్టే కప్పు దేశదేశానికీ మారింది.

అమెరికా గ్యాలన్ అంటే 231 ఘనపు అంగుళాలు. ఇది ఇంగ్లండులో ఒకప్పుడు వైన్ కొలిచిన గ్యాలన్. దాన్ని పదహారు భాగాలు చేస్తే ఒక కప్పు 236.6 మి.లీ. ఈ అంకెతో వేగలేక ఆ దేశపు ఆహార లేబుళ్ల నియమాల్లో కప్పుని 240 మి.లీ.గా తీసుకున్నారు. ఈ రెండింటికీ తేడా ఒకటిన్నర శాతం లోపే, వంటలో దాన్ని పట్టించుకోనక్కర్లేదు. కాబట్టి అమెరికా కప్పు అంటే 240 అనుకుంటే సరిపోతుంది.

బ్రిటన్ 1824లో తన గ్యాలన్‌ని మార్చుకుంది. పది పౌన్ల నీళ్లు పట్టేంత అన్నారు. దాంతో వాళ్ల పింట్ 568 మి.లీ. అయింది, అందులో సగమైన కప్పు 284 మి.లీ. ఇప్పటి బ్రిటిష్ రెసిపీలు గ్రాములూ మి.లీ.ల్లోనే ఉంటాయి కాబట్టి ఈ 284తో మనకి పెద్దగా పని పడదు. పాత వంట పుస్తకాలు తిరగేసేవాళ్లు మాత్రం గుర్తుంచుకోవాలి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ మెట్రిక్‌లోకి వచ్చాక కప్పుని 250కి సర్దేశాయి. కెనడాలోనూ మెట్రిక్ కప్పు 250 అయినా, సరిహద్దు దాటి వచ్చిన అమెరికన్ సెట్లు అక్కడి వంటిళ్లలో మామూలే. జపాన్‌లో వంట కప్పు 200. బియ్యం కొలిచే కప్పు మాత్రం వేరు, 180. అది వాళ్ల పాత కొలత ‘గో’ నుంచి వచ్చింది.

మనకి 1956 చట్టంతో మెట్రిక్ పద్ధతి వచ్చింది. అందులో లీటరుంది, కప్పు లేదు. అందుకే మన బజార్లో దొరికే కొలత కప్పుల సెట్లలో కొన్నిటి మీద 240, కొన్నిటి మీద 250 అని ఉంటుంది, కొన్నిటి మీద అంకే ఉండదు.

మీ కప్పు ఎంతో తేల్చుకోవడం

వంటింట్లో డిజిటల్ తూకం ఉంటే ఇది అర నిమిషం పని. ఖాళీ కప్పు పెట్టి సున్నా చేసి, అంచుదాకా నీళ్లు పోసి చూడండి. ఎన్ని గ్రాములు చూపిస్తే అన్ని మి.లీ. మన ఎండల్లో 30 డిగ్రీల నీళ్లకి అర శాతం తేడా వస్తుంది, 240కి ఒక గ్రాము. వదిలేయండి.

తూకం లేకపోతే సీల్ తీయని అర లీటరు మంచినీళ్ల బాటిల్ తీసుకోండి. కప్పుతో రెండుసార్లు నిండా కొలిచి పక్కన పోసి, బాటిల్లో ఎంత మిగిలిందో చూడండి. ఏమీ మిగలకపోతే మీది 250. ఒక టేబుల్‌స్పూను, ఒక టీస్పూను మిగిలితే 240. రెండు టేబుల్‌స్పూన్లకి కాస్త తక్కువ మిగిలితే అమెరికా వాళ్ల అసలు కప్పు, 236. రెండో కప్పు నిండకుండానే నీళ్లు అయిపోతే మీది పెద్ద కప్పు, బహుశా కొలత కప్పే కాదు, కాఫీ మగ్గు. ఒక జాగ్రత్త: వాడేసిన బాటిల్‌ని కుళాయి కింద మూతిదాకా నింపి ఈ పరీక్ష చేయకండి. నీళ్ల మట్టం పైన కంపెనీవాళ్లు వదిలిన ఖాళీ కూడా నిండిపోయి 500 కంటే ఎక్కువ వస్తుంది.

చిన్న కప్పులకీ స్పూన్లకీ మందుల షాపులో దొరికే 10 మి.లీ. సిరంజి (సూది లేకుండా) బాగా పనికొస్తుంది. పావుకప్పుకి ఆరుసార్లు పోస్తే నిండాలి. టేబుల్‌స్పూనుకి ఒకటిన్నర సార్లు, టీస్పూనుకి సగం సిరంజి. ఇంట్లో పప్పు వడ్డించే స్పూన్ని ఇలా కొలిచి చూస్తే అది టేబుల్‌స్పూను కాదని వెంటనే తెలిసిపోతుంది.

సెట్లలో ఇంకో మెలిక ఉంది. 250 మి.లీ. సెట్ల మీద తరచూ 250, 125, 80, 60 అని అచ్చు వేసి ఉంటుంది. పావు 60 అయితే నాలుగు పావులు 240 కదా, మరి కప్పు 250 ఎలా అయింది? నిజానికి పావు 62.5, మూడో వంతు 83 ఉండాలి. గుండ్రంగా ఉంటుందని తగ్గించి రాస్తారు. కొన్నిటిలో అంకె మాత్రమే తగ్గుతుంది, కొన్నిటిలో కప్పే చిన్నదిగా ఉంటుంది. అందుకని పెద్ద కప్పుని కొలిచి ఊరుకోకుండా పావుకప్పునీ ఒకసారి పరీక్షించండి. కప్పుకి బదులు నాలుగు పావులు పోసే అలవాటున్నవాళ్లకి ఇది మరీ అవసరం.

తేలిన అంకెని చెరగని మార్కర్‌తో కప్పు అడుగున రాసేయండి. ఇక ఆ ప్రశ్న మళ్లీ రాదు.

లెక్క

250 కప్పున్నవాళ్లకి లెక్కే అక్కర్లేదు. లీటరు నాలుగు కప్పులు, అర లీటరు రెండు, 125 అరకప్పు. అయిపోయింది.

240 కప్పున్నవాళ్లు ఒక్కటి గుర్తుపెట్టుకుంటే పట్టిక చూడక్కర్లేదు: ప్రతి 250 మి.లీ.కి ఒక కప్పు, రెండు టీస్పూన్లు. ఎందుకంటే 250 అంటే 240, పైన 10. టీస్పూను 5 మి.లీ. కాబట్టి 750 మి.లీ. అంటే మూడు కప్పులు, ఆరు టీస్పూన్లు. మూడు టీస్పూన్లు ఒక టేబుల్‌స్పూను కనుక మూడు కప్పులు, రెండు టేబుల్‌స్పూన్లు. లీటరు అంటే నాలుగు కప్పులు, ఎనిమిది టీస్పూన్లు.

మధ్యలో అంకెలు వస్తే 60ని పట్టుకోండి. పావుకప్పు 60, అరకప్పు 120, ముప్పావు 180. మూడో వంతు 80, రెండు మూడో వంతులు 160. 60తో నిశ్శేషంగా భాగించబడే అంకె ఏదైనా స్పూను అవసరం లేకుండా తేలిపోతుంది: 300 అంటే ఒకటింపావు, 600 అంటే రెండున్నర, 900 అంటే మూడుముప్పావు.

మిగతావాటికి నిండు కప్పులు తీసేయండి, మిగిలినదాంట్లో పట్టే పెద్ద కప్పు ఏదో చూడండి, ఆ మిగిలింది స్పూన్లతో పూర్తి చేయండి. 650 మి.లీ. తీసుకుందాం. రెండు కప్పులు పోతే (480) మిగిలింది 170. అందులో రెండు మూడో వంతులు, అంటే 160. ఇంకా 10. మొత్తం రెండు కప్పులు, రెండు మూడో వంతులు, రెండు టీస్పూన్లు. 350 అయితే ఒక కప్పు, ఒక మూడో వంతు, రెండు టేబుల్‌స్పూన్లు. 425 అంటే ఒకటిముప్పావు కప్పులు, ఒక టీస్పూను. 150 అంటే అరకప్పు, రెండు టేబుల్‌స్పూన్లు. 100 అంటే మూడో వంతు కప్పు, నాలుగు టీస్పూన్లు.

కాలిక్యులేటర్లో 650ని 240తో భాగిస్తే 2.708 అని వస్తుంది. ఈ .708ని పట్టుకుని ఏ కప్పుతోనూ కొలవలేం. అందుకే భాగాహారం కంటే పై పద్ధతి వంటింటికి నయం.

కొన్ని ప్యాకింగ్‌లు 240 కప్పుకి భలే కుదురుతాయి. 400 మి.లీ. కొబ్బరిపాల డబ్బా సరిగ్గా ఒకటీ రెండు మూడో వంతుల కప్పు. 200 మి.లీ. క్రీమ్ ప్యాక్ ముప్పావు కప్పు, పైన నాలుగు టీస్పూన్లు. దాన్ని కప్పు కింద లెక్కేసి పోసేస్తే 40 మి.లీ. తక్కువ పోసినట్టు.

కప్పు సైజు ఎప్పుడు పట్టించుకోవాలి, ఎప్పుడు అక్కర్లేదు

ఇంతా చదివాక రేపు ఉప్మాకి కూడా సిరంజి పట్టుకోవాలా అనిపిస్తుంది. అక్కర్లేదు.

మన వంటల్లో కప్పు అన్నప్పుడు చాలావరకు అది కొలత కాదు, పాళ్లు. ఒక కప్పు రవ్వకి మూడు కప్పుల నీళ్లు అంటే ఏ కప్పయినా ఒకటే, రెంటికీ అదే వాడితే చాలు. స్టీలు గ్లాసు వాడండి, పాత సోల వాడండి, ఉప్మా అలాగే వస్తుంది. మైసూర్‌పాక్‌లో ఒకటికి రెండు, రెండు అన్నా అంతే. ఆవకాయకి ముక్కలు కొలిచిన గిన్నెతోనే కారం, ఆవపిండి, ఉప్పు కొలవడం ఈ తెలివితోనే. (అక్కడ కూడా ఉప్పు దగ్గర ఒక మాట: కల్లుప్పు గిన్నెడూ, మెత్తని ఉప్పు గిన్నెడూ బరువులో ఒకటి కావు. మెత్తనిది ఎక్కువ తూగుతుంది.)

సొంత సైజున్న వస్తువు ఒకటి రెసిపీలోకి వచ్చిందంటే మాత్రం పాళ్ల లెక్క కూలిపోతుంది. గుడ్డు కప్పుని బట్టి పెరగదు. ఈస్ట్ పొట్లం పెరగదు. చైనా గ్రాస్ ప్యాకెట్, కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా, గ్రాముల్లో చెప్పిన మైదా, టేబుల్‌స్పూన్లలో చెప్పిన కస్టర్డ్ పౌడర్, ఇవేవీ మీ కప్పు సంగతి ఎరగవు.

కస్టర్డ్ చూడండి. 500 మి.లీ. పాలకి రెండు టేబుల్‌స్పూన్ల పొడి మామూలు లెక్క. దీన్నెవరో రెండు కప్పుల పాలు అని రాస్తే, మీరు కుక్కర్ కప్పుతో కొలిస్తే 360 మి.లీ.లోనే అంత పొడీ పడుతుంది, చల్లారాక గరిటె నిలబడుతుంది. పాత బ్రిటిష్ కప్పుతో కొలిస్తే 568, పల్చగా జారిపోతుంది. పొడి కంపెనీని తిట్టుకుంటాం కానీ తప్పు దానిది కాదు.

బ్రెడ్ పిండి ఇంకా నిక్కచ్చి. 300 గ్రాముల మైదాకి ముప్పావు కప్పు నీళ్లు అన్నారనుకోండి. 240 కప్పులో ముప్పావు 180, పిండి బరువులో 60 శాతం నీళ్లు, చక్కగా మర్దించుకోవచ్చు. 250 కప్పులో అది 187 పైన, 62.5 శాతం. కాస్త మెత్తన, పర్వాలేదు. 284 కప్పులో 213, అంటే 71 శాతం. చేతికి అతుక్కుంటుంది, మళ్లీ మైదా చల్లుతారు, ఆ మైదాకి సరిపడా ఉప్పూ ఈస్టూ ఉండవు, బ్రెడ్ చప్పగా గట్టిగా వస్తుంది.

దీన్ని బట్టి ఓ అంచనాకి రావచ్చు. 236, 240, 250 మధ్య తేడా ఆరు శాతం లోపే, చాలా వంటలు తట్టుకుంటాయి. 200, 284లు 240కి అటూ ఇటూ పదిహేడు, పద్దెనిమిది శాతం దూరం. కేకు, బ్రెడ్, జెల్లీ తట్టుకోవు. 180 అయితే పావు వంతు తగ్గినట్టు, ఏదీ తట్టుకోదు.

పాకం సంగతి వేరు. రెండు కప్పుల పంచదారకి కప్పు నీళ్లా, కప్పున్నరా అని వాదించుకోవడం అనవసరం. పోసిన నీళ్లలో ఎక్కువ భాగం ఆవిరైపోవాల్సిందే. తీగపాకమో ఉండపాకమో వేళ్ల మధ్య చూసుకుని దించుతాం తప్ప నీళ్ల కొలత చూసి కాదు. నీళ్లు ఎక్కువైతే ఐదు నిమిషాలు ఎక్కువ మరుగుతుంది, అంతే.

పాళ్ల లెక్క కూడా పెద్ద మొత్తాల దగ్గర కాస్త తప్పుతుంది. మూత లేని గిన్నెలో ఆవిరయ్యే నీళ్లు గిన్నె వెడల్పునీ మరిగే సమయాన్నీ బట్టి ఉంటాయి, లోపలున్న రవ్వని బట్టి కాదు. ఒక కప్పు రవ్వకి మూడు కప్పుల నీళ్లు కుదిరాయని ఐదు కప్పుల రవ్వకి పదిహేను పోస్తే ఉప్మా జావలా తయారవుతుంది. పెళ్లిళ్ల వంటవాళ్లు నీళ్లు తగ్గించి పోసి, పక్క పొయ్యి మీద వేణ్నీళ్లు అట్టే పెట్టుకునేది ఇందుకే.

కుక్కర్ కప్పు పోయిందా?

ఎలక్ట్రిక్ రైస్ కుక్కర్‌తో వచ్చే కప్పు 180 మి.లీ. లోపలి గిన్నెకి ఉన్న 2, 4, 6 గీతలు ఆ కప్పుని ఉద్దేశించి గీసినవి. రెండు కప్పుల బియ్యం పోసి, 2 అన్న గీత దాకా నీళ్లు పోయమని అర్థం. కప్పు పోగొట్టుకుని 240 కప్పుతో రెండు కొలిస్తే బియ్యం 360 బదులు 480 మి.లీ. పడతాయి. గీత అక్కడే ఉంటుంది. ఎక్కువైన బియ్యం ఎక్కువ చోటు ఆక్రమించి, నీళ్లకి ఉండాల్సిన చోటు కూడా తగ్గిస్తాయి. అన్నం పలుకుగా మిగులుతుంది, కుక్కర్ పాడైందనుకుంటారు.

దీనికి మందు తేలిక. 240 కప్పులో ముప్పావు అంటే సరిగ్గా 180. గీతల్ని నమ్ముకునేవాళ్లు బియ్యాన్ని ముప్పావు కప్పులతో కొలుచుకోండి. గీతలు వదిలేసి పాళ్ల ప్రకారం ఒకటికి రెండు పోసుకునేవాళ్లకి ఏ కప్పయినా పర్వాలేదు. రెండు పద్ధతుల్నీ కలిపితేనే తంటా. ఇంకోటి, ఈ గీతలు సాధారణంగా జపాన్ బియ్యానికి గీసినవి. పాత సోనామసూరి అంతకంటే ఎక్కువ నీళ్లు తాగుతుంది, గీత పైన మరికాస్త పోయాల్సి వస్తుంది.

కాఫీ మేకర్ల మీది కప్పు మరీ చిన్నది, సాధారణంగా 150 మి.లీ. చుట్టూ ఉంటుంది. పన్నెండు కప్పుల మెషీన్ అని పన్నెండు మగ్గులు ఆశించకండి.

పోసేటప్పుడు జరిగే పొరపాట్లు

పిండికి వాడే కప్పు అంచుదాకా నింపి గీరేది. ద్రవాలకి వాడేది మూతి ఉన్న పారదర్శకమైన జగ్గు, గీత అంచుకి కిందే ఉంటుంది. పరిమాణం రెంటికీ ఒకటే. కానీ అంచుదాకా నిండిన నూనె కప్పుని పొయ్యి దాకా ఒలకకుండా తీసుకెళ్లడం కష్టం, ఒలుకుతుందని ముందే తగ్గించి పోస్తాం. అక్కడే పది పదిహేను మి.లీ. పోతుంది.

జగ్గుని చేత్తో ఎత్తి చూడకూడదు. గట్టు మీద పెట్టి, మనమే వంగి గీతని కంటికి సమానంగా చూడాలి. ముందువైపు గోడ మీది గీతని పైనించి చూస్తే నీళ్లు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తాయి, తక్కువ పోసి ఆపేస్తాం. నీళ్లు అంచుల దగ్గర కొంచెం పైకి పాకినట్టుంటాయి. చూడాల్సింది మధ్యలో ఉన్న పల్లాన్ని.

పాలు కొలవాల్సింది కాచకముందు. కాచినవి నురగతోనూ వేడితోనూ ఎక్కువగా కనిపిస్తాయి. పైగా కాచేటప్పుడు కొన్ని ఇంకిపోతాయి, మీగడ కొంత విడిపోతుంది. లీటరు పాలు అని రెసిపీలో ఉంటే ప్యాకెట్ లీటరే. చిలికిన మజ్జిగ కూడా నురగ దిగాకే కొలవాలి. మరిగే నీళ్లు చల్లనీళ్ల కంటే నాలుగు శాతం ఎక్కువ చోటు తీసుకుంటాయి. ఒక కప్పు మరిగే నీళ్లు 240 గ్రాములు కాదు, 230. ఉప్మాకి లెక్కలేదు, చైనా గ్రాస్‌కి ఉంది.

తేనె, బెల్లంపాకం, నూనె కప్పుకి అంటుకుని మిగిలిపోతాయి. గరిటెతో గీయకపోతే ఒకటి రెండు టీస్పూన్లు కప్పులోనే ఉండిపోతాయి. రెసిపీలో నూనె, తేనె రెండూ ఉంటే నూనె ముందు కొలవండి, అదే కప్పులో తేనె పోస్తే జారి పడుతుంది. పేరుకున్న నెయ్యి చెంచాతో తీసి కప్పులో వేస్తే మధ్యలో ఖాళీలు ఉండిపోతాయి, కరిగించి కొలవాలి.

ప్యాకెట్ మీద మి.లీ. బదులు గ్రాములుంటే

నీళ్లకి మాత్రమే గ్రాము, మి.లీ. ఒకటి. పాలు కొంచెం బరువు, నూనె నెయ్యి తేలిక, తేనె బాగా బరువు.

లీటరు నూనె సుమారు 910 గ్రాములు. ప్యాకెట్ మీద చిన్న అక్షరాల్లో రెండూ ఉంటాయి, చదవండి. గానుగ దగ్గర కిలో లెక్కన కొన్నారా? కిలో నూనె దాదాపు 1,100 మి.లీ., లీటరు కంటే 100 ఎక్కువ. ధరలు పోల్చేటప్పుడూ, పచ్చడికి పోసేటప్పుడూ ఈ తేడా గుర్తుండాలి. నెయ్యీ అంతే: 240 మి.లీ. కప్పు నెయ్యి 218 గ్రాముల చుట్టూ. రెసిపీలో 200 గ్రాముల నెయ్యి అంటే కప్పుకి నాలుగు టీస్పూన్లు తక్కువ.

పెరుగు 500 గ్రాముల ప్యాకెట్ సుమారు 485 మి.లీ. అంటే పాల ప్యాకెట్‌లా కాకుండా ఇది 240 కప్పుకి దాదాపు రెండు కప్పులే. తేనె 250 గ్రాముల సీసా కప్పు కాదు, ముప్పావు కప్పుకి కొంచెం తక్కువ. 400 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా ఒకటింపావు కప్పు. దాన్ని 400 మి.లీ. అనుకుని ఒకటీ రెండు మూడో వంతులుగా లెక్కేసేవాళ్లున్నారు, స్వీటు తీపెక్కి జారిపోతుంది.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో వండేవాళ్లకి

అమెరికాలో పాలు గ్యాలన్‌లో వస్తాయి, 3.785 లీటర్లు, పదహారు కప్పులు. మన రెసిపీలో లీటరు పాలంటే ఒక క్వార్ట్ పోసి పైన పావుకప్పు పోస్తే లీటరు లెక్క సరిపోతుంది (946కి 59 కలిపితే 1,005). క్రీమ్ పింట్ డబ్బా రెండు కప్పులు, సగం పింట్ ఒక కప్పు.

అక్కడ ఔన్సుతో జాగ్రత్త. ద్రవపు ఔన్సు 29.6 మి.లీ., బరువు ఔన్సు 28.35 గ్రాములు, డబ్బా మీద రెండూ ఔన్సులే. ద్రవపుదానికి ముందు ‘ఫ్లూయిడ్’ అన్న మాట ఉంటుంది. 12 ఫ్లూయిడ్ ఔన్సుల ఇవాపరేటెడ్ మిల్క్ డబ్బా కప్పున్నర. 14 ఔన్సుల కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా మాత్రం బరువు, 397 గ్రాములు. పక్కపక్కనే అలమరలో ఉంటాయి కాబట్టి ఒకే లెక్క అనుకుంటారు.

ఆస్ట్రేలియాలో కప్పు కంటే టేబుల్‌స్పూను ప్రమాదం. అక్కడిది 20 మి.లీ., అంటే నాలుగు టీస్పూన్లు. మిగతాచోట్ల 15. మన రెసిపీలో టేబుల్‌స్పూను బేకింగ్ పౌడర్ అంటే అక్కడి స్పూనుతో మూడో వంతు ఎక్కువ పడుతుంది. కేకు పొంగి మధ్యలో కుంగిపోతుంది, చేదొస్తుంది. అక్కడుండి మన రెసిపీ చేసేవాళ్లు టేబుల్‌స్పూను పక్కన పెట్టి మూడు టీస్పూన్లు వేసుకోవడం మంచిది. టీస్పూను అన్ని దేశాల్లోనూ 5 మి.లీ.నే.

రెసిపీలో కప్పు ఎంతో రాయకపోతే మిగతా మాటలు చూడండి. ఓవెన్ వేడి ఫారెన్‌హీట్‌లో, వెన్న ‘స్టిక్’లలో, మైదాని ‘ఆల్ పర్పస్ ఫ్లోర్’ అని ఉంటే అమెరికాది, 240. వేడి సెల్సియస్‌లో ఉండి, ‘ప్లెయిన్ ఫ్లోర్’, ‘కాస్టర్ షుగర్’ అంటూనే కప్పులు వాడితే ఆస్ట్రేలియా వైపుది, కప్పు 250, ఆస్ట్రేలియాదే అయితే టేబుల్‌స్పూను 20. తెలుగు వీడియో అయితే వాళ్ల చేతిలో ఉన్న కప్పే కప్పు. అందులో గుడ్లో ప్యాకెట్లో గ్రాములో ఉంటే మాత్రం కింద కామెంట్లలో ఎవరో ఒకరు ‘మీ కప్పు ఎన్ని మి.లీ. అండీ’ అని అడిగే ఉంటారు, ముందు ఆ జవాబు వెతకండి.